ఆదివారం వార్డులో నేను వేసిన వంతులు

నోరు చేసిన తప్పుకు ఒళ్లు శిక్ష అనుభవిస్తుందంటే నమ్మని వాళ్లు నన్నడగండి. నా విషయంలో శిక్ష ఎక్కడ పడిందో పేరు పెట్టి చెప్పను. మీకే తెలుస్తుంది.

కొన్నేళ్ల కిందట నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో నాకు హెర్నియా ఆపరేషన్ చేశారు. మర్నాడు ఆదివారం. పెద్ద డాక్టర్లకు సెలవు. వార్డులన్నిటికీ చదువు ముగించీ ముగించని ఒక్క డాక్టరమ్మ. సెలైన్ అయిపోయినా ఆమే, సూది జారినా ఆమే, స్ట్రెచర్ తోసే మనిషి లేకపోయినా ఆమే. ఆ పిల్ల పనుల వరస కొండవీటి చాంతాడంత. నాకు ఒళ్లు మండింది. కాలవ నీళ్లకు వంతులేసి మా శావల్యాపురం రైతుల తలలు పగలకుండా కాపాడినవాణ్ణి, ఈపాటి పని పంచలేనా?

మంచం మీదే పంచాయితీ పెట్టాను. సూదులు, సెలైన్లు మగనర్సు శీనుకు. స్ట్రెచర్ వార్డుబాయ్‌కి. మూత్రం గొట్టాలు కూడా తనకు అలవాటేనన్నాడు శీను.

"నీ చదువు చాలదురా. అది డాక్టరు వంతు. ఒకరి వంతులో ఇంకొకరు చెయ్యి పెడితే ఊరుకోను. వార్డంతా కూర్చుంటే తప్ప ఈ తీర్పు మారదు."

"ముందు నీ కుట్ల సంగతి చూసుకోవయ్యా" అంది మా ఆవిడ.

తీర్పు చెప్పిన సంబరంలో చెంబుడు మజ్జిగ తాగాను. మధ్యాహ్నానికి మూత్రం బిగిసింది. ఆపరేషన్ తర్వాత కొందరికి అలా అవుతుందట. పొట్ట గుమ్మడికాయైంది. డాక్టరమ్మ చూస్తే కాన్పుల గదిలో ఉంది. తాను తీసిన గోతిలో తానే పడటం అందరూ చేసే పనే. నేను మనుషులకు వంతులేసి తవ్వించుకుని మరీ పడ్డాను.

"ఒరేయ్ శీనూ, గొట్టం వెయ్యరా."

"నా వంతు కాదుగా పెదనాన్నా."

"నేనే చెబుతున్నాగా."

"తీర్పు మార్చాలంటే వార్డంతా కూర్చోవాలి గదా."

"వాళ్లను నేను కూర్చోబెడతాలే నాయనా, ముందు ఈయన్ని పడుకోబెట్టు" అంది మా ఆవిడ.

వాడు అప్పటికే ఫోనులో డాక్టరమ్మను అడిగి, చేతులకు గ్లౌజులు తొడుక్కుని ఉన్నాడు. నొప్పిలో నేను చూడలేదు. క్షణాల్లో నా ప్రాణం లేచివచ్చింది.

సాయంత్రం శీనూ, డాక్టరమ్మా మాట్లాడుకున్నారు. ఏ పిలుపైనా ముందు శీనుకే రావాలి. తను చేయగలిగింది తను చేస్తాడు, తనకు మించింది డాక్టరమ్మకు చెబుతాడు. ఆ రోజు ఆ పిల్ల కూర్చుని అన్నం తినడం కళ్లారా చూశాను. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోందట. నన్ను సంప్రదించలేదు, అందుకే నడుస్తోంది.

కనుక సకల రోగుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఆసుపత్రిలోనూ ఎవరికీ వంతులు వేయను. తప్పనిసరైతే, ముందు బాత్రూమ్‌కు వెళ్లొచ్చి వేస్తాను.