బొగ్గుల అర్రకు వచ్చిన లైసెన్సు

సహోదరీ సహోదరులారా, నన్ను మీరంతా ఎరుగుదురు, గోదావరిఖనిలో మందుల షాపు నడిపే కరుణను, నోరు కొంచెం పెద్దది, ఇవాళ ఆ నోటితోనే నా దేవుడు చేసిన మేలు చెప్పాలని మీ ముందు నిలబడ్డాను! పోయిన ఎండాకాలం మా ఇంట్లో ఎంత చీకటి కమ్మిందో మీలో కొందరికే తెలుసు. ఓపెన్‌కాస్ట్ గని పెరుగుతూ పెరుగుతూ మా కాలనీ దాకా వచ్చింది, క్వార్టర్లు ఖాళీ చేయమన్నారు, వాటితో పాటు నా షాపు ఉన్న గదీ పోయింది. నా భర్త దానియేలుకు ఆయాసం, దుమ్ములో పనిచేయలేక డ్యూటీ మానేసి ఇంట్లోనే ఉన్నాడు. ఆ షాపే మా అన్నం.

గది పోతే ఇంకో గది చూసుకోవచ్చు కదా అంటారు, నేనూ అదే అనుకున్నాను! కానీ మందుల షాపు లైసెన్సు మనిషి వెంట నడిచి రాదు, ఆ గదికే ఇస్తారు. నేను ఫార్మసీ చదివినదాన్ని, కౌన్సిల్‌లో నా పేరుంది, అయినా గది మారితే మళ్లీ అర్జీ, మళ్లీ తనిఖీ, మళ్లీ ఎదురుచూపు. సరేనని మా కాలనీ వాళ్లు చాలామంది దిగిన బస్తీలోనే, రాజవ్వ అనే పెద్దామె ఇంట్లో వెనక వాటా మాకు, ముందు గది షాపుకు కిరాయికి తీసుకున్నాను. సున్నం వేశాం, అరలు బిగించాం, ఫ్రిజ్ పెట్టాం, పాస్టర్ గారు వచ్చి ప్రార్థన కూడా చేశారు. తీరా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి టేపుతో కొలిచి తల అడ్డంగా ఊపారు. మా వైపు గది కొలత అంటే గోడలతో కలిపి బయటి నుంచి చెప్పడమే అలవాటు, నేనూ అదే నమ్మి తీసుకున్నాను, ఆ పాత గోడలు అంత మందమని నాకేం తెలుసు! లోపల కొలిస్తే చట్టం అడిగినంత జాగా లేదు. "నా చేతుల ఏం లేదమ్మా, జాగ పెరిగితే పిలువుండ్రి, మళ్ల వస్త" అని ఆయన మర్యాదగానే చెప్పి వెళ్లారు.

ఇక సలహాలు మొదలయ్యాయి. బజారులో ఇంకో మందుల షాపాయన, "అక్కా, నీ సర్టిఫికెట్ నా షాపు గోడకు పెట్టు, నెలనెల పైసలిస్త, నువ్వు ఇంట్లనే కూసో, ఏం ఫికర్ లేదు" అన్నాడు. మా మరిదైతే, "లైసెన్స్ లేకుంటనే అమ్మరాదు వదినా, గీ గల్లీలకు ఎవరొచ్చి చూస్తరు?" అన్నాడు. అబద్ధమెందుకు, మనసు ఊగింది! కానీ నేను లేని చోట నా పేరు చూసి ఒక తల్లి తన బిడ్డకు మందు కొనుక్కుపోతే, అందులో పొరపాటు జరిగితే, దేవునికి ఏం చెప్పాలి? వద్దన్నాను. వద్దని వచ్చి, వంటింట్లో కూలబడి దేవునితో పోట్లాడాను, సహోదరులారా! "ప్రభువా, చదువిచ్చినవ్, పనిచ్చినవ్, కూసునేటందుకు జాగ ఇయ్యవా? పరలోకంల గంత జాగ పెట్టుకున్నవ్, గోదావరిఖనిల నాకింత దొరకదా?" అని గట్టిగా అరిచి ఏడ్చాను.

రాజవ్వ గురించి చెప్పాలి. ఆమె మన విశ్వాసి కాదు, ఆమె దేవుళ్లు ఆమెకున్నారు. ఆమె భర్త బొగ్గుబాయిలో పనిచేసి, ఊపిరాడని జబ్బుతో పోయాడు. ఆయన చివరిసారి తెచ్చి పోసిన బొగ్గు ముందు గది పక్కనే ఒక చిన్న అర్రలో అలాగే ఉంది, ఇంట్లోకి గ్యాసు వచ్చి ఏళ్లయినా ఆమె దాన్ని ముట్టలేదు, కొడుకు అమ్ముదామంటే చీపురు తిరగేసింది. ఆ అర్ర అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

మర్నాడు పొద్దున రాజవ్వ వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టింది. "ఏందే కరుణా, నిన్న గట్ల ఒర్లినవ్, మీ దేవునికి చెవుడా? నడిమిట్ల గోడ తీసి నా బొగ్గుల అర్ర కలుపుకో" అంది. "మరి మీ ఆయన తెచ్చిన బొగ్గు, అవ్వా?" అని అడిగాను. "ఆయన దమ్ముతోటి గోస పడుతుంటె, దగ్గర్ల మందుల షాపు లేక నేనెంత ఉరికిన్నో నాకెరుక బిడ్డా. ఆయనుంటే ఆయనే గోడ తీస్తుండె" అంది.

గోడ తీసిన రోజు సంఘంలోని అన్నలు, బస్తీ వాళ్లు కలిసి బొగ్గంతా తట్టలతో మోసి వాకిట్లో పోశారు. రాజవ్వ అందులోంచి కొంచెం ఏరుకుని, పాత ఇనుప పొయ్యి బయటికి తీసి, ఊది ఊది ముట్టించి, అందరికీ దాని మీదే చాయ పెట్టింది. "ఎంత మంచిగ మండుతుందో చూడుండ్రి మా ఆయన బొగ్గు!" అని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, పొగ అని బుకాయించింది. మేమంతా మసి ముఖాలతో నిలబడి ఆ చాయ తాగాం.

ఇన్‌స్పెక్టర్ గారు మళ్లీ వచ్చారు. ఆయన టేపు పరుస్తుంటే నేను కళ్లు మూసుకుని యేసయ్యా, యేసయ్యా అంటూనే ఉన్నాను. "సరిపోయిందమ్మా, ఇంక కొంచెం ఎక్కువనే ఉన్నది" అన్నారు. హల్లెలూయ! లైసెన్సు చేతికొచ్చిన రోజు నేనూ దానియేలూ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయాం.

షాపు తెరవగానే మొదట రాజవ్వే వచ్చింది, బీపీ గోళీలకు. "ఇంత పెద్ద ఊర్ల మీ దేవునికి నా బొగ్గుల అర్రనే కనవడ్డదానే?" అని వెక్కిరించింది. నేను నవ్వాను, ఏడ్చాను, గోళీలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పి ఇచ్చాను.

ప్రియులారా, మీరు ఏ ఇరుకులో ఉన్నా అడ్డదారి తొక్కకండి, ఆయన దగ్గర ఏడవండి, కావాలంటే నాలాగా పోట్లాడండి, ఆయన ఏమీ అనుకోడు! ఆయన వింటాడు, ఒక్కోసారి గోడ అవతలి మనిషి చెవితో వింటాడు. మహిమంతా ఆయనదే, నాకు ఆ షాపు చాలు!