కొండకు మొక్కిన వెంట్రుకలు

కర్నూలులో కొత్త సర్కారు గుడారాల్లో నడుస్తున్న రోజులవి. మా అన్న తలలోంచి మద్రాసు డాక్టరు తీసిన గడ్డ కొబ్బరికాయంత ఉందని నేను కమలాపురంలో చెప్పని అంగడి లేదు. పళ్ళెంలో పెట్టి చూపించారనీ, అది ఇంకా కొట్టుకుంటోందనీ కూడా చెప్పాను. అబద్ధం. నేను చూసింది మూత బిగించిన సీసా. అందులో ఉన్నది నిమ్మకాయకు కాస్త చిన్నది. కొబ్బరికాయంత గడ్డ ఉంటే ఆ తలలో ఇక మెదడుకు చోటెక్కడ?

"వేరుతో సహా పీకి పారేసినారప్పా!" అని కూడా అనేవాణ్ణి. డాక్టరు అలా అనలేదు. గడ్డ ఒక పక్క రక్తనాళానికి అతుక్కుపోయిందని, గీకితే చెయ్యి పడిపోతుందని, అక్కడ కొంచెం వదిలేశామని చెప్పాడు. మళ్ళీ పెరిగే రకం గడ్డ, కుట్లు మానగానే తీసుకొచ్చి మిగిలింది మాడేలా తలకు ఎక్స్‌రే కరెంటు పెట్టించండి, వెంట్రుకలు ఊడతాయి, భయపడొద్దు అన్నాడు.

ఇంట్లో కరెంటు సంగతి చెప్పాను. మిగిలిన ముక్క సంగతి మింగేశాను. ఊరంతా అంత చెప్పుకున్నాక ఎలా కక్కను?

అమ్మ ఆపరేషన్‌కు ముందే అన్న తలనీలాలు కొండకు మొక్కుకుంది. ఆసుపత్రి మంగలి దేవుడికంటే ముందే గొరిగేశాడు.

"మళ్ళా ఊడగొడ్తారంటనా! స్వామికి ఏమిస్తాం, బోడిగుండు చూపిస్తామా?" అంది.

"పెరగనీమ్మా. కొండకు పొయ్యొచ్చినాంకనే మద్రాసుకు పోతా. గడ్డ యేరుతో పొయ్యిండాదంట గదా," అని అన్న నావైపు తిరిగాడు. "ఏమబ్బీ, కొబ్బరికాయంతనా?"

"ఇంగా పెద్దదే," అన్నాను. అందరూ నవ్వారు.

వదిన రోజూ కుట్ల పక్కన ఆముదం రాసేది. శనక్కాయ పీకే కాలానికి దువ్వెన నిలిచేంత పెరిగాయి. కొండకు మూటలు కడుతుండగా అన్న చేతిలోంచి చెంబు జారింది. వదిన తీసి ఇచ్చింది. మళ్ళీ జారింది. జబ్బు మొదట వచ్చినప్పుడూ ఆ ఎడమ చెయ్యే.

"ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?" అన్నాడు మద్రాసు డాక్టరు. వెంట్రుకల కోసమని చెప్పడానికి నోరు రాలేదు. రైళ్ళు దొరకలేదన్నాను. ముందే వచ్చినా పెరిగేదేమో, చెప్పలేం గానీ, అని ఆయన ఆగిపోయాడు. ఆ ఆగడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

కరెంటు పెట్టారు. వెంట్రుకలు దిండు మీదికి రాలేవి. అమ్మ ఒక్కొక్కటీ ఏరి పసుపు గుడ్డలో కట్టుకుంది. తర్వాత ఆ గుడ్డే కొండకు తీసుకెళ్ళాం. అప్పటికి అన్న లేడు.

పోకముందు ఆసుపత్రిలోనే ఒకనాడు అన్న అడిగాడు: "నిజం చెప్పబ్బీ, ఎంత ఉండె?"

"నిమ్మకాయంత."

అన్న నవ్వాడు. "అంతేనా! ఊర్లో చెప్పాకు, పరువు పోతాది."

వదిలేసిన ముక్క సంగతి అప్పుడూ చెప్పలేదు.