ఓస్ట్‌బీ గారి నెమ్మది మరమ్మతు

వెండెల్ ఓస్ట్‌బీ గారు చెయ్యి పెడితే అయిదు నిమిషాల పనికి మూడు రోజులు పట్టేది. అదే మూడు రోజుల పనైతే ఆ ఏటికి దాని మీద ఆశ వదులుకోవలసిందే. ఒకావిడ బండి ముందు ఎండ పడకుండా వేసుకునే పందిరి గుడ్డను ఆయన డిసెంబరులో పట్టుకున్నారట. మార్చిలో "ఇదిగోనమ్మా, బాగైంది" అని అప్పగించేసరికి ఆవిడ ఊరికి బయల్దేరుతూ దాన్ని మడత పెట్టుకుని వెళ్ళింది.

మాది అరిజోనా ఎడారిలో క్యాంపర్ బళ్ళ పేట. మంచు పడే ఊళ్ళనుంచి ఇల్లంతా చక్రాల మీద పెట్టుకుని వచ్చి చలికాలం నాలుగు నెలలూ గడిపి పోతాం. అందరం రిటైరైనవాళ్ళమే. ఒక బండిలో దగ్గితే పక్క బండిలోంచి కషాయం చెబుతారు. అలాంటి చోట ఆయన నెమ్మదితనం ఎంత ప్రసిద్ధమంటే, ఎవరి పనైనా ఆలస్యమైతే "ఏం, ఓస్ట్‌బీ గారికి అప్పజెప్పావా?" అనేవారు. మనిషి ఆరడుగుల పొడవు. చొక్కాకు రెండు జేబులు, ఒకదాంట్లో పానా, ఒకదాంట్లో బిస్కెట్లు. బిస్కెట్లే తొందరగా ఖర్చయ్యేవి.

మా ఆయన గ్లెన్ ఆగస్టులో పోయాడు. పేటలో మా చోటుకి ముందే డబ్బు కట్టేసి ఉంది. నవంబరులో ఆ ముసలి బండిని మాంటానా నుంచి నేనొక్కదాన్నే నడుపుకుంటూ వచ్చి, తలుపు వేసుకుని కూర్చున్నాను. వారం తిరక్కుండా బండి పక్కన నేలంతా తడిసింది. నీళ్ళు కాచే హీటరు అడుగున, ట్యాంకు ఖాళీ చేసుకోవడానికి ఒక మర బిరడా ఉంటుంది. కారుతున్నది అక్కడే.

ఎవరు చెప్పారో తెలియదు. పిలవకుండానే ఓస్ట్‌బీ గారు వచ్చి, బకెట్టు బోర్లించి కూర్చుని హీటరు వంకే చూస్తున్నారు.

"నిమిషానికి పదకొండండీ," అన్నారు చాలాసేపటికి.

"ఏమిటి పదకొండు?"

"చుక్కలు. నేనొచ్చినప్పుడు పదే ఉన్నాయి."

"అయితే బిగించండి."

"వేడి ట్యాంకు మీద చెయ్యి వెయ్యకూడదమ్మా. గ్యాసు కట్టేశాను. పంపు ఆపాను. ఇక చల్లారాలి." చుట్టూ చూశారు. "ఈలోగా కాఫీ ఏమైనా..."

మొదటి రోజంతా చల్లారడంతోనే సరిపోయింది. ట్యాంకు చల్లారింది, మూడు కప్పుల కాఫీ మాత్రం చల్లారనివ్వలేదు.

రెండో రోజు బిరడా విప్పారు. లోపలినుంచి కోడిగుడ్డు పెంకుల్లాంటి సున్నపు పెళ్ళలు బకెట్టు నిండా వచ్చాయి. బిరడాను వెలుగులో అటూ ఇటూ తిప్పారు.

"ఈ ఇత్తడిది ఎవరు పెట్టారు?"

"మా ఆయన."

"అల్యూమినియం ట్యాంకుకి ఇత్తడి పడదండీ. ఒకదాన్నొకటి కొరుక్కు తింటాయి. దీనికి ప్లాస్టిక్‌దే ఉండాలి." తల ఊపి, చాలా మామూలుగా అడిగారు. "మీ ఆయన ఇంకా ఏమేం తప్పులు చేసేవాడు?"

అలా అడిగినవాళ్ళు లేరు. ఆగస్టు నుంచీ అందరూ గ్లెన్ ఎంత మంచివాడో నాకే చెబుతున్నారు. నేను మొదలుపెట్టాను. దారి తెలియకపోయినా అడగకపోవడం, బండి మెట్టును మూడుసార్లు తలకిందులుగా బిగించడం, అది అలాగే ఉండాలని నాతో వాదించడం. చీకటి పడేదాకా చెప్పినా జాబితా పూర్తి కాలేదు. "మిగతావి రేపు," అన్నారు ఓస్ట్‌బీ గారు. బిరడా సంగతి ఇద్దరమూ మరిచిపోయాం.

మూడో రోజు మర చుట్లను తీగ బ్రష్షుతో తోమారు. నాలుగో రోజు కొత్త బిరడాకు తెల్ల టేపు చుట్టారు. "ఎదురు దిక్కుకి చుట్టానండీ, బిగిస్తుంటే ఊడి వస్తుంది," అని విప్పారు. మళ్ళీ చుట్టారు. "పలచనైంది," అని మళ్ళీ విప్పారు. అయిదో రోజు బిగించారు. ఇద్దరం వంగి చూశాం. ఒక చుక్క ఊరి, ఆలోచించుకుని, జారిపడింది.

"రేపు చూద్దాం," అన్నారు తృప్తిగా.

ఆరో రోజుకి నా ఓపిక చచ్చింది. అన్ని రోజులూ కెటిల్లో కాచుకున్న నీళ్ళతోనే స్నానం. ఆయన బ్యాంకు పని మీద ఊళ్ళోకి వెళ్ళడం చూసి, ఫోను చేసి ఒక మెకానిక్కును పిలిపించాను. అతను వంగాడు, చెయ్యి పెట్టాడు, లేచాడు.

"అయిందండీ."

"ఏమయింది?"

"చేత్తో పావు చుట్టు తిప్పాను, అంతే. మీకు పని చేసిపెట్టినవాడెవడో గాని దిట్ట. అంత శుభ్రమైన మర నేను చూడలేదు. ఆఖరి పావు చుట్టు మాత్రం వదిలేశాడు. మరిచిపోయాడంటే నేను నమ్మను."

నా ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున పేట హాల్లో అందరూ పాన్‌కేకులు తింటుండగా, నలభై మంది ఎదుట నిలబడ్డాను.

"ఓస్ట్‌బీ గారూ, మీ అయిదు రోజుల కష్టానికి పావు చుట్టు తక్కువైందట. కాఫీకి గతిలేకపోతే కాఫీ అనే అడగాల్సింది. మొగుడు పోయినదాని కొంపలో నీళ్ళు కారబెట్టి మరీ కూర్చోవాలా? సిగ్గుగా లేదూ?"

నవ్వేవాళ్ళు కూడా నవ్వలేదు. ఆయన ఫోర్కు కింద పెట్టి లేచారు.

"తప్పు నాదేనండీ. బిగించేసి ఉండాల్సింది," అని బయటికి వెళ్ళిపోయారు. పళ్ళెంలో పాన్‌కేకులు అలాగే ఉన్నాయి.

ఎదురు బండిలో ఉండే ఓపల్ నా వెనకే పరిగెత్తుకొచ్చింది. "ఎంత మాటన్నావే ఇర్మా. ఆయన ఆసుపత్రిలో నలభై ఏళ్ళు బాయిలర్లు చూసిన మనిషి. బిరడా బిగించడం రాక కాదు."

"మరి?"

"మా ఆయన రాయ్ చనిపోయిన చలికాలం, ఓస్ట్‌బీ గారు నా కుళాయిని పదకొండు రోజులు బాగుచేశారు. మా పక్క బండి మొగుడూ పెళ్ళాలకి పోయినేడు నీలాగే బిరడా కారింది. పది నిమిషాల్లో అయిపోయింది, మంచినీళ్ళు కూడా తాగలేదు."

ఆయన నెమ్మదితనం మీద కథలు చెప్పేవాళ్ళంతా ఒంటి మనుషులేనని నాకప్పుడు తట్టింది.

వెళ్ళి క్షమించమని అడగాలనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ వాయిదా వేశాను. మాట జారడానికి క్షణం చాలింది, దాన్ని వెనక్కి తీసుకోవడానికే ఏళ్ళు పట్టింది. అయిదు శీతాకాలాలు. ఈ మధ్యలో నా బండికి ఏదో ఒకటి చెడుతూనే ఉంది, ఓస్ట్‌బీ గారు వస్తూనే ఉన్నారు. ఫ్యాను ఆరు నిమిషాలు. కిటికీ నాలుగు. పానా జేబులో వేసుకుని, టోపీ ఎత్తి, "ఉంటానండీ" అని వెళ్ళిపోయేవారు. పేట మొత్తంలో అంత త్వరగా పనులు జరిగే ఇల్లు మరొకటి లేదు. నాకు ఏడుపొచ్చేది.

మొన్న మార్చిలో ఆయన బండి అమ్మేశారు. చూపు తగ్గింది, ఇక కూతురి దగ్గరే ఉంటారట. ఆమె సామాను సర్దుతుంటే ఆయన చెప్పి వెళ్ళడానికి మా బండికి వచ్చారు. ఇక ఆగితే లాభం లేదని గుమ్మంలోనే మొత్తం కక్కేశాను. హాల్లో అన్న మాట, ఓపల్ చెప్పిన సంగతి, అయిదేళ్ళుగా మింగిన సిగ్గు.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

"కోపమా? నాకెందుకండీ? మీరు వచ్చిన కొత్తలో రోజుకి నాలుగు మాటలు కూడా మాట్లాడేవారు కాదు. అలాంటిది నలభై మందిలో నిలబడి నన్ను ఝాడించారు. అంత గట్టిగా తిట్టగలిగారంటే ఇక ఫరవాలేదనుకున్నాను. మీకిక నాతో అవసరం తీరింది కదా."

"మరి ఇన్నేళ్ళూ నిమిషాల్లో పని ముగించి పారిపోయారెందుకు?"

"మీరు ఉండమనలేదుగా."

"అంటే ఉండేవారా?"

"మీ కాఫీ బాగుంటుందండీ," అన్నారు. "మా వీధిలో అందరికంటే."

లోపలికి రమ్మన్నాను. గ్లెన్ తప్పుల్లో ఇంకా చెప్పనివి చాలానే ఉన్నాయి. కూతురు రెండుసార్లు వచ్చి తలుపు తట్టింది. మూడోసారి ఆమెకూ ఒక కప్పు పోసి, పక్కకి జరిగి చోటిచ్చాను.