మళ్ళొక్కసారి నొక్కమ్మా

పొద్దున్నే శాలిబండ గల్లీలో రాహేలు ఇంటి ముందు ఇద్దరు కానిస్టేబుళ్లు ఆగారు. ఆమె పేరు మీదున్న సిమ్‌తో ఎవరో వరంగల్‌లో ఒక ముసలాయన బ్యాంకు ఖాతా ఊడ్చేశారట. స్టేషన్‌కు రావాలన్నారు. గల్లీ అంతా తలుపుల సందుల్లోంచి చూస్తోంది. రాహేలుకు ఉన్నది ఒక్కటే ఫోను, అదీ బిడ్డ సోనీ వాడి వదిలేసింది.

రాహేలు ఫంక్షన్ హాళ్లలో బిర్యానీ బగోనలు తోముతుంది. ఏళ్ల తరబడి ఇనుప పీచు ఆమె వేళ్ల మీది గీతల్ని తినేసింది. రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ ఒక్కసారికి ఒప్పుకోదు. తుడుచుకో, వేరే వేలు పెట్టు, మళ్లీ నొక్కు. వెనక లైను గొణిగితే తప్పు తనదే అన్నట్టు సిగ్గుపడి మళ్లీ నొక్కుతుంది.

ఎక్కడన్నా వేలు పెట్టినవా అని స్టేషన్‌కు పోయే ఆటోలో సోనీ అడిగితే అప్పుడు గుర్తొచ్చింది. మాదన్నపేట మార్కెట్ పక్కన గొడుగు కింద సిమ్‌లు అమ్మేవాడు. పాత సిమ్ పాడైతే మార్పించుకుందామని పోయింది. పడలేదమ్మా, మళ్ళొక్కసారి నొక్కమ్మా అంటూ నొక్కించాడు. నిజానికి మొదటిసారే పడింది. తర్వాతి నొక్కుడుకు ఆమె పేరు మీద ఇంకో సిమ్ పుట్టింది, అది వాడి దగ్గరే ఉండిపోయింది. అనుమానం రాలేదా అని అడిగేవాళ్లకు ఒకటే జవాబు: మీ వేలు ఒక్కసారికే పడుతుంది, అందుకే మీకు అనుమానం వస్తుంది.

స్టేషన్‌లో సోనీని గేటు దగ్గరే ఆపేశారు. రాహేలు చెబుతుంటే ఎస్సై వింటూనే ఫోన్లు మాట్లాడాడు. చివరికి ఒక కాగితం, ఇంకు ప్యాడు ముందుకు జరిపాడు.

“చెప్పిందే రాసినం. వేలు పెట్టి పో. ఫికర్ చెయ్యకు.”

అలవాటు పడ్డ చెయ్యి దానంతట అదే కదిలింది. బొటనవేలికి ఇంకు అంటింది. కాగితం మీదికి పోబోతూ ఆగింది.

“నా బిడ్డను రానియ్యుండ్రి సార్. సదివినంక పెడత.”

“ఏందమ్మా, మా మీద నమ్మకం లేదా?”

“నమ్మే గీడిదాంక వచ్చిన సార్.”

ఎస్సై గేటు వైపు సైగ చేశాడు. సోనీ వచ్చి చదివింది. మూడో లైను దగ్గర ఆగింది. “‘పైసలకు ఆశపడి సిమ్ నేనే ఇచ్చిన’ అని ఉందమ్మా.”

రాహేలు ఇంకు వేలిని కొంగుకు తుడిచి పిడికిలి బిగించింది. “గిది నేను చెప్పలే. గొడుగు కాడ జరిగింది రాయుండ్రి. రాసేదాంక గీడనే కూసుంట.”

చాలాసేపటికి ఎస్సై కొత్త కాగితం లాక్కున్నాడు.

“గొడుగు ఏడ పెడ్తడు వాడు?”

పిడికిలి విప్పకుండానే రాహేలు మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.