పచ్చమొహం వార్కోకి పదవీ విరమణ

అంతరిక్షంలో తిరిగే ఒక మెకానిక్‌కి భిలాయిలో వీడ్కోలు సభ పెట్టి, వీధి వీధంతా నా వైపు నోరు తెరుచుకుని చూసేలా చేసుకున్న ఘనుణ్ణి నేను. చదివేముందు మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి. పొలమారితే నా పూచీ లేదు.

అప్పట్లో నేను పగలు హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో లేతు మిషను మీద, సాయంత్రాలు గ్రంథాలయంలో. కాలేజీ గుమ్మం తొక్కలేదు గానీ, నాటకాల గురించి అక్కడి బీరువాలో ఉన్న పుస్తకాలన్నీ నమిలేశాను. ఎవరైనా కుశలమడిగితే 'పాత్రచిత్రణ' అనే మాట లేకుండా జవాబు చెప్పలేని దశ అది.

పక్క క్వార్టర్లో ఉండే మేరీ దీదీ, నేనూ కలిసి ఆవిడ ఇంట్లో ఒక అంతరిక్ష సీరియల్ చూసేవాళ్ళం. హిందీ డబ్బింగు. అందులో వార్కో అని ఓడ మెకానిక్. మొహం గోంగూర పచ్చ, మనసు వెన్న. సొంత గ్రహం పోగొట్టుకుని, ముక్కూమొహం తెలియని నలుగురితో ఆ ఓడలో చేరి, వాళ్ళనే అన్నదమ్ములుగా, అక్కచెల్లెళ్ళుగా చేసుకున్నాడు. ఇంజన్ బాగుచేశాడు, పులుసు వండిపెట్టాడు. అలాంటి మనిషి (మనిషి కాదనుకోండి) ఒక ఆదివారం సంచీ భుజాన వేసుకుని "సరే, వెళ్తాను" అన్నాడు. కెప్టెన్ "జాగ్రత్త" అంది. తలుపు మూసుకుంది. అంతే! ఓడ ఇంకో యుద్ధానికి బయల్దేరింది.

దీదీ రిమోట్‌ని సోఫా మీదకి విసిరింది. "ఏంటయ్యా ఇది! పాలవాడు మానేసినా ఇంతకన్నా ఎక్కువసేపు మాట్లాడతాం!"

"నిష్క్రమణకి ఓ శాస్త్రముంది దీదీ. వీళ్ళు చదవలేదు," అన్నాను గంభీరంగా. "మనమే చేద్దాం. మన స్టీల్ ప్లాంటులో రిటైరైనవాళ్ళని ఎలా పంపిస్తారు? దండ, శాలువా, ఢోల్, ఊరేగింపు. వార్కోకీ అదే!"

"బిల్‌కుల్! కేకు నాది," అంది. ఆవిడ నాకన్నా ముదురు.

అంతా శాస్త్రోక్తంగా ఉండాలని నెలాఖరు సాయంత్రానికి ముహూర్తం పెట్టాను. ప్లాంటులో రిటైరయ్యేవాళ్ళందరూ ఆ రోజే కదా రిటైరయ్యేది! ఇంత తెలిసిన మేధావికి, ఆ రోజు మా వీధిలో నిజంగానే ఎవరైనా రిటైరవుతున్నారా అన్న చిన్న ప్రశ్న మాత్రం తట్టలేదు. పుస్తకాల్లో లేదు మరి.

దీదీ వాకిట్లో బ్యానరు కట్టాం. పెద్ద పచ్చమొహం, కింద 'వార్కో భయ్యాకి ప్రేమతో వీడ్కోలు'. ఢోల్ వాళ్ళు దరువు అందుకున్నారో లేదో, ఎదురింటి తలుపు తెరుచుకుంది.

సత్యం మావ. రోలింగ్ మిల్లులో జీవితమంతా గడిపిన ఒంటరి మనిషి. ఆ మధ్యాహ్నమే ఆయన ఆఖరి షిఫ్టు అయిపోయింది. షాపులో, అంటే ప్లాంటులో ఆయన పనిచేసే విభాగంలో, ఏదో బ్రేక్‌డౌన్ వచ్చి అందరూ దానిమీద పడ్డారట. ఎవరో ఓ దండ చేతిలో పెట్టి "మళ్ళీ కలుద్దాం మావా" అంటూ పరిగెత్తారట. ఆయన దండని సంచీలో వేసుకుని, స్కూటరు మీద ఒక్కడే ఇంటికొచ్చేశాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పుడు కనిపించింది మాత్రం ఇస్త్రీ చొక్కా, తడికళ్ళు. భిలాయిలో నెలాఖరు సాయంత్రం గుమ్మం ముందు ఢోల్ మోగితే, ఆ రోజే రిటైరైన మనిషి ఇంకేమనుకుంటాడు చెప్పండి?

"నానెవుడికీ సెప్పనేదు కదరా! అయినా ఇదంతా సేసీసారేట్రా?" అంటూ వచ్చి నన్ను కావలించుకున్నాడు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాడు కాబట్టి బతికిపోయాం.

'కాదు మావా, ఇది టీవీలో పచ్చమొహం వాడికి' అని చెప్పే నోరు ఎవరికుంటుంది? దీదీ అప్పటికే తన చున్నీ తీసి బ్యానరు మీద కప్పేస్తోంది.

"సచ్చాం దీదీ, కేకు మీద పేరుంది!"

"నువ్వు 'వా' మింగు. 'ర్కో' సంగతి నేను చూసుకుంటాను."

వార్కో కోసం వేసిన కుర్చీలో మావ కూర్చునేలోపు నా నోటినిండా క్రీము. ఆ నోటితోనే ఉపన్యాసం. నేను బట్టీపట్టిందేమో వార్కో గురించి, వేరేది ఒక్క ముక్క రాదు.

"మావా, ఉల్కల వానలో కూడా మీరు బెదరలేదు..."

"నిప్పురవ్వలా? శానా సూసాన్రా."

"మూడు గ్రహాలు దాటి మా దగ్గరికొచ్చారు..."

"అవును. బొబ్బిలి, రాయగడ, భిలాయి," అని వేళ్ళు మడిచాడు మావ.

"మీరు వండిన పులుసు తిని మేమంతా ఒక ఇల్లయ్యాం!"

మావ కళ్ళు తుడుచుకోవడం ఆపాడు. "నానెప్పుడెట్టాన్రా పులుసు?" అని కాసేపు ఆలోచించి, "సర్లే, రేపు సేపల పులుసెడతాను," అన్నాడు.

గండం గడిచిందనుకున్నాను. సరిగ్గా అప్పుడే గాలికి చున్నీ జారింది. ఢోల్ ఆగింది. మావ లేచి బ్యానరు దగ్గరికెళ్ళి, కళ్ళు చికిలించి అక్షరం అక్షరం చదివాడు.

"ఈ వార్కో ఎవుడ్రా? ఏ షాపు?"

మీసాల మీద క్రీముతోనే నిజం చెప్పేశాను. ఓడ, ఆ నలుగురు, మూసుకున్న తలుపు, అన్నీ.

"తలుపేసీసారా? ఒక్కడూ ఎనక్కి సూడనేదా?"

"చూడలేదు మావా."

ఆయన మళ్ళీ ఇంట్లోకెళ్ళి తలుపేసుకుంటాడేమోనని నా ప్రాణం గిలగిల్లాడింది. మావ మాత్రం ఇంకో కుర్చీ లాగి తన పక్కన వేశాడు.

"బ్యానరిప్పి ఈడ్ని ఇక్కడ కూకోబెట్టండి. ఇద్దరం ఒక్కలాగే దిగినాం. ఢోల్ ఆపీసారేటి? కొట్టండెహె!"

తర్వాత వీధంతా ఊరేగింపు. నా బండి వెనక సీట్లో మావ, మావ ఒళ్ళో వార్కో బ్యానరు, ముందు దీదీ డాన్సు.

ఆ ఊరేగింపులో తీసిన ఫొటో ఇప్పుడు మావ ముందుగదిలో ఉంది. బొబ్బిలి నుంచి వచ్చిన చుట్టాలు ఆ పచ్చమొహం ఎవరిదని అడిగితే, మావ కన్నార్పకుండా చెబుతాడు: "మా షాపోడే. నాతోపాటే రిటైరయ్యాడు. శానా ఏళ్ళు ఫర్నేసు కాడ సేసాడు, రంగు మారిపోనాది."

అందుచేత పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ పాత్ర ఏ ఓడ దిగిపోయినా, దిండులో మొహం దాచుకుని ఏడుస్తానే గానీ ఢోల్ పిలవను. ఒకవేళ పిలిచినా, ముందు వీధంతా తిరిగి, ఇంటింటి తలుపూ తట్టి, అసలు రిటైరవుతున్నది ఎవరో కనుక్కున్నాకే పిలుస్తాను.