సముద్రానికి లష్కర్ లేడు

ఇప్పటిదాకా నోరు తెరిచి ఎవ్వరికీ చెప్పని మాట ఒకటి రాస్తున్న. యూసుఫ్ అన్న లెవెల్ మిషన్‌కు ఏ రోగమూ లేదు. రోగం నాకుండె.

ఇంటర్ తప్పినంక ఇంట్ల కూర్చునుడు నాతోని కాలేదు. బాన్సువాడ చుట్టుపక్కల కాలువలకు, పొలాలకు ఎత్తుపల్లాలు కొలిచే యూసుఫ్ అన్న వెంబడి పడ్డ. ఆయన మూడుకాళ్ల స్టాండు మీద మిషన్ పెట్టి అందులోంచి చూస్తుంటే, దూరంగ గీతల కొలకర్ర పట్టుకొని నిలబడుడు నా పని. లెక్కలు చూసి చూసి నేర్చుకున్న. ఏడాది తిరిగేసరికి నాకు రానిది లేదని నాకే అనిపించింది. కొంప అక్కడే మునిగింది.

సునామీ వచ్చిపోయిన కొన్ని వారాలకు, నీళ్లు ఏ ఊళ్లె ఎంత ఎత్తుకు లేచినయో కొలవడానికి ఒక మేడం టీం కట్టుకొని కోస్తాకు పోతూ యూసుఫ్ అన్నను పిలిచింది. నేనూ తయారైన. సముద్రం చూసుడు అదే మొదలు.

పని సులువే. గోడ మీద బురద మరక ఎక్కడిదాకా ఉన్నదో చూసి, అది సముద్రపు నీళ్ల అంచు కన్న ఎంత ఎత్తుల ఉన్నదో కొలవాలె. అంచు దగ్గర కర్ర పట్టుడు, ఫారం నింపుడు నా వంతు. ఫారంల ‘టైం’ అని ఒక గడి ఉండె. హాజరు కోసం కావచ్చనుకొని వదిలేసిన. మా నిజాంసాగర్ కాలువల, కాలువకు కావలుండే లష్కర్ వచ్చి తూము తిప్పేదాకా పొద్దున ఉన్న నీళ్లే సాయంత్రమూ ఉంటయి. నీళ్లకు టైంతోని ఏం పని?

పొద్దున ఒక ఇల్లు కొలిచినం, పగటికి ఇంకొకటి, మూడు గంటలు దాటినంక మూడోది. మూడూ ఒకే వరుస. మరక కూడా దారం పట్టి గీసినట్టు ఒకే ఎత్తుల ఉన్నది. ఆఖరుకు గడి ఖాళీగ ఉండొద్దని, పనికి దిగిన టైమే కదా అని, మూడు ఫారాల మీదా మంచి దస్తూరితోని ‘పది గంటలు’ అని రాసిచ్చిన.

మరునాడు మేడం లెక్కలేస్తే పక్కపక్క ఇండ్లకే రెండడుగుల తేడా వచ్చింది.

“యూసుఫ్ గారూ, మీ మిషన్ సరిగ్గానే ఉందా?” అని అడిగింది.

అన్న ఆ మిషన్‌ను బస్సుల సీటు మీద కూసోబెట్టి తను నిలబడి వచ్చే మనిషి. ఇసుకల రెండు గూటాలు దిగ్గొట్టి పూటంతా ఎండల దాన్ని పరీక్ష చేసిండు. సరిగ్గనే ఉన్నది. దాంతోని ఆయనకు ఫికర్ ఇంకా ఎక్కువైంది.

నాకు పని లేక, చెప్పులు నీళ్ల అంచుకు విడిచి, వల బాగుచేస్తున్న ఒక ముసలమ్మ పక్కన కూసున్న. కొంతసేపటికి చూస్తే చెప్పులు లేవు. నీళ్లు మా దిక్కే వస్తున్నయి. సునామీ మళ్లా వచ్చిందనుకొని లేచి ఉరకబోయిన. ముసలమ్మ చెయ్యి పట్టి గుంజి కూసోబెట్టింది.

“పోటు అమ్మా అది. రోజూ రెండుసార్లు వస్తాది, పోతాది. మీ ఊళ్లో రాదా?”

“రాదవ్వా. మా దగ్గర లష్కర్ తూము తిప్పితేనే వస్తయి.”

ఆమె వల కింద పెట్టి కండ్లు తుడుచుకునేదాకా నవ్వింది. పక్కింటామెను పిలిచి చెప్పింది, ఆమె ఇంకొకామెకు చెప్పింది. సముద్రం మీద లష్కర్ నౌకరి ఖాళీ ఉంటే ఇప్పించమని ఒకాయన నన్ను అడిగిపోయిండు. ఇన్ని రోజులకు ఈ వీధిలో నవ్వు వినపడిందని ముసలమ్మ అన్నది, అందుకే నాకు కోపం రాలే.

అప్పుడు వెలిగింది. ఏ గంటకు కొలిచినమో తెలిస్తేనే అప్పటి ఆటుపోటును బట్టి లెక్క సరిజేస్తరు. నేనేమో మూడు ఇండ్లనూ ఒక్క పది గంటలకే కట్టేసిన.

చెప్పుదామనే పోయిన. నేను పోయేసరికి మేడం మళ్లా కొలిపిస్తుంది, ఫారాలు టైంతోని సహా తనే నింపుతుంది. ఈసారి లెక్కలు కుదిరినయి. “మిషన్ సర్దుకున్నట్టుంది” అన్నది. యూసుఫ్ అన్న తల ఊపిండు. నేనూ ఊపిన.

ఆర్నెల్లైంది. అప్పటిసంది అన్న ఏ కాలువనైనా రెండుసార్లు కొలుస్తుండు. ఇయ్యాల హోటల్ల చాయ్ తాగుతూ అన్నడు: “పొద్దుగాల బస్సుకు హైదరాబాద్ పోతున్న చెల్లే. ఈ మిషన్ ఇచ్చేసి వేరేది తెచ్చుకుంట. ఇగ దీని మీద భరోసా లేదు.”

నేను చాయ్ మింగిన, దాంతోపాటు మాట కూడా మింగిన.

ఇగ మింగుడు చాలు. ఫోన్ చేసి చెప్త. ఒక్కటే తిప్పలు, వాళ్లింట్ల ఫోన్ ముందుగాల ఎత్తేది భాభీ. సంగతి మొత్తం గుంజనిదే అన్నకు ఇయ్యదు. ఆమెకు తెలిస్తే తెల్లారేసరికి బాన్సువాడకంతా తెలుస్తది.

తెలవనీ. చేస్తున్న.