ఎరుపు గోదారిది

మా ముత్తాతగారు గౌతమీపాయలో రెండు లంకలకి ఆసామీ. ఆయన ఎక్కేదాకా రేవులో పడవ కదిలేది కాదట. తాతగారు మునసబు, కోర్టుకు పోవలసిన తగవులు కూడా ముందు మా అరుగు మీదికే వచ్చేవి. నాన్నగారు కొత్తపేట చుట్టుపక్కల పల్లెల్లో మొట్టమొదటి సినిమా హాలు కట్టించిన మనిషి. ఈ మూడు సంగతులూ నిన్న సాయంత్రం మా తమ్ముడి మనవరాలు, అమలాపురం కాలేజీలో చదువుకునే పిల్ల, లాప్‌టాప్ తెర మీద నాకు చూపించింది. క్లాసులో ఒక్కొక్కరూ తమ కుటుంబం గురించి స్లైడ్లు వేసి మాట్లాడాలట. ముత్తాతగారి లంకలు ఎర్రటి లావుపాటి అక్షరాల్లో ఉన్నాయి. తాతగారి మునసబీ కూడా ఎరుపే, పైగా దాని కింద గీత. నాన్నగారి హాలు తెర పక్కనుంచి ఎగురుకుంటూ వచ్చి, రెండు మొగ్గలు వేసి, మధ్యలో కూర్చుంది. అన్నీ ఎరుపే అయ్యేసరికి నా కన్ను దేని మీదా నిలవలేదు.

"ఎలా ఉందండి తాతగారూ?" అని అడిగింది. మా ఇంట్లో పిల్లలు ఇప్పటికీ పెద్దవాళ్ళని అండీ అనే పిలుస్తారు. ఎన్ని పోయినా అది మాత్రం పోనివ్వలేదు. బాగుందమ్మా అన్నాను గాని, ఆ ఎరుపు చూసిన దగ్గర్నుంచీ నా మనసు ఆ గదిలో లేదు, మా హాలు వెనక మెట్లెక్కి బొమ్మ వేసే మిషను గదిలోకి వెళ్ళిపోయింది.

మన తరంవాళ్ళకి చెప్పనక్కర్లేదు, సినిమాకి ముందూ ఇంటర్వెల్లోనూ తెర మీద స్లైడ్లు పడేవి. పొగ తాగరాదనీ, ముందు కుర్చీ మీద కాళ్ళు పెట్టరాదనీ, ఫలానా కొట్లో పట్టుచీరలు సరసమైన ధరలకు దొరుకుననీ నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, కాస్త వంకరగా, కాస్త వణుకుతూ కనిపించేవి. వాటిని ఎవరో ఒకరు కూర్చుని చేత్తో రాస్తారన్న ఊహ చాలామందికి ఉండేది కాదు. మా హాల్లో ఆ రాసేవాణ్ణి నేనే. బి.ఏ. పాసై ఇంటికి వచ్చిన కొత్తలో, ఒకరి దగ్గర కొలువు చేసే అలవాటు మా వంశంలో లేదు కనక, నాన్నగారు నాకు ఆ పని అప్పగించారు. అరచేయంత గాజుపలకని కిరసనాయిలు బుడ్డి మీద పట్టి మసి ఎక్కించి, ఆ మసిలో సూదితో అక్షరాలు గీయాలి. గీసినచోట వెలుగు దూరుతుంది, మిగిలినదంతా చీకటి. అక్షరం లావుగా కావాలంటే గీత పక్కనే మళ్ళీ గీత గీసుకుంటూ పోవాలి. చెయ్యి ఒక్కసారి తడబడి మసి రాలిందా, పలకంతా కడుక్కుని మొదటికి రావలసిందే. అంతా అయ్యాక పైన ఇంకో పలక ఆనించి, అంచులకి కాగితం అంటించి, మిషనులో తలకిందులుగా దూర్చితే తెర మీద తిన్నగా పడేది. ఏ మాటైనా ప్రత్యేకంగా జనం కంట పడాలంటే, ఆ మాట ఉన్నంత మేర రంగు జిలాటిన్ కాగితం కత్తిరించి రెండు పలకల మధ్యా ఇరికించేవాణ్ణి.

ఆ రంగు వెయ్యడంలో నాన్నగారికి గట్టి పట్టింపులుండేవి. స్లైడుకి ఒక్క మాటకే రంగు, అదీ పసుపే. రెండో మాటకి కూడా వేస్తే మొదటి మాట వెలవెలబోతుందనేవారు. ఆ ఒక్క మాటా ఏదన్నది తేల్చడానికి ఆయన పద్ధతి ఆయనకుంది. రాయబోయే వాక్యాన్ని అమ్మకి ఒకసారి చదివి వినిపించి, కాసేపు పోయాక వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి ఏం గుర్తుందని అడిగేవారు. అమ్మకి గుర్తున్న మాటలు ఎలాగూ గుర్తుంటాయి కాబట్టి వాటికి రంగు అక్కర్లేదు. మరిచిపోయినదానికే పసుపు కాగితం. "మీ హాలుకీ నా బుర్రకీ ముడేమిటండీ, పప్పు అడుగంటుతోంది" అని ఆవిడ విసుక్కునేది. ఆ మూలానే మా చీరల స్లైడ్లలో కొట్టు యజమాని పేరుకి కాక, కొట్టున్న వీధికి రంగు పడేది.

ఎర్రకాగితం మటుకు వేరే డబ్బాలో ఉండేది. అది గోదారి కోసం. మా హాలుకి లంకల నుంచి జనం పడవల మీద వచ్చేవారు. తిరిగి వెళ్ళే వీలు చూసుకుని గుమ్మాల వైపు వరసల్లోనే కూర్చునేవారు. పైన ఎక్కడో వానలు కురిసి నీరు పెరుగుతోందని తాలూకాఫీసు నుంచి మనిషి వచ్చి చెబితే, ఆట ఆపి స్లైడు వేసేవాళ్ళం. ఆ ఒక్క స్లైడులోనే ఎరుపు. హాలు కట్టినప్పట్నుంచీ తెర మీద ఇంకే అక్షరానికీ ఆ రంగు పడలేదు.

నేను స్లైడ్లు రాస్తున్న రోజుల్లో రోడ్డు మీద కొత్త హాలు వెలిసింది. మెత్తటి కుర్చీలు, తెర చుట్టూ రంగు దీపాలు. మా ఆటలకి జనం పలచబడ్డారు. నిజానికి అప్పుడు మా హాలు నడుస్తున్నది టిక్కెట్ల మీద కాదు, స్లైడ్ల మీద. ఆ స్లైడ్లలో పెద్ద ఖాతా ఒక బట్టల కొట్టు షావుకారుది; ఆయన ఎటు ఉంటే మిగతా కొట్లవాళ్ళు అటు. ఆయన పోతే హాలు పోతుందన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆ షావుకారు ఒకనాడు అరుగు మీద కూర్చుని, కండువాతో విసురుకుంటూ, మెల్లగా విషయంలోకి వచ్చారు.

"బాబుగారూ, తమరు నా పేరుకి ఆ ఎర్రకాయితం వేయించండి చాలండి. పసుపు ఎవరు చూత్తన్నారండి? ఎరుపు పడితే నిద్రోయినోడు కూడా లెగుత్తాడండి."

"అందుకేనండి వెయ్యనిది. ఎరుపు గోదారిది" అన్నారు నాన్నగారు.

"గోదారేవన్నా తమకి అడ్వాన్సు కట్టిందాండి?"

"లేదండి. అయినా దానిదే."

షావుకారు నవ్వేశారు గాని, ఆ నెల దాటకుండానే ఆయన స్లైడు కొత్త హాలుకి వెళ్ళిపోయింది, దాని వెనకే మందుల కొట్టూ, సైకిళ్ళ కొట్టూ వెళ్ళాయి. అక్కడ అందరి పేర్లూ ఎరుపేనని మా ఆపరేటరు చూసొచ్చి చెప్పాడు.

ఆ వానాకాలంలోనే ఒక శనివారం వచ్చింది. శనివారమంటే పొద్దున్నే వాడపల్లి వెంకన్న దర్శనం చేసుకుని మధ్యాహ్నం మాటినీ చూసి వెళ్ళే లంకల కుటుంబాలు ఎక్కువ. ఆట సగానికి రాకముందే నాన్నగారు స్వయంగా మిషను గది మెట్లెక్కి వచ్చారు. ఆయన పైకి రావడం ఎప్పుడోగాని జరిగేది కాదు. గోదావరి పెరుగుతోంది, లంకల వాళ్ళు రేవుకి వెళ్ళండి, పడవలు సిద్ధంగా ఉన్నాయి, అని రాయమన్నారు. రాసి, కత్తెర పట్టుకుని, ఎరుపు దేనికని అడిగాను. అమ్మని అడిగే వేళ కాదు. గోదావరికి వేస్తే హాలంతా ఒక్కసారే గుమ్మాల మీద పడుతుంది, లంకల వాళ్ళకి వెయ్యి, వెళ్ళవలసినవాళ్ళే లేస్తారు అన్నారు.

రీలు ఆగింది, స్లైడు పడింది. ఒక్క అరుపు లేదు. గుమ్మం పక్క వరసలో ఒక ముసలావిడ కొంగు బిగించుకుని లేస్తూ, "లెగండే, మన రంగు పడింది" అంది. "ఆ పిల్లకి పెళ్ళవుద్దో లేదోనే" అని పక్కావిడ ఆగిపోయిన సినిమాని తలుచుకుని గొణిగితే, "ముందు నీ గేదెని ఇప్పుకోవే" అని కసిరింది. ఊళ్ళోవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. సగం హాలు ఖాళీ అయ్యాక మిగిలిన సగానికి ఆట మళ్ళీ మొదలైంది. పొద్దు వాలకుండానే పశువులూ పిల్లలూ గట్టుకి చేరారు. తెల్లారేసరికి లంకల మీద నీరే.

వరద తీశాక, వేరే ఊరు వెళ్ళిపోవలసిన రీళ్ళ పెట్టెని నాన్నగారు ఆపించి, లంకల వాళ్ళకోసం ఒక ఉదయం ఆటని వాళ్ళు లేచి వెళ్ళిన చోటి నుంచి వేయించారు. వాళ్ళు ఆనపకాయలూ గుమ్మడికాయలూ పట్టుకొచ్చారు. "ఇంతకీ ఆ పిల్లకి పెళ్ళయిందాండి బాబుగారూ?" అని ముసలావిడ అడిగితే, "లోపలికెళ్ళి చూడండమ్మా" అన్నారు. నాన్నగారు పైకి నవ్వడం నేను చూసింది బహుకొద్దిసార్లు, అది ఒకటి.

షావుకారు మళ్ళీ వచ్చారు. శనివారం సంగతి చుట్టుపక్కలంతా చెప్పుకుంటున్నారట. "తమ మాటే నెగ్గిందండి, ఆయ్. ఇప్పుడు కొత్త హాల్లో ఎరుపునెవడూ చూట్టం లేదండి, అంతా తమ హాలు ఎరుపే అంటన్నారండి. ఆ రంగు నాకిప్పించండి, కొట్లవాళ్ళందరినీ నేను తీసుకొచ్చి తమ అరుగు మీద కూకోబెడతాను" అన్నారు. గుమ్మం వెనక అమ్మ నిలబడి ఉంది. నేను స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాను. ఆ ఒక్క కాగితం ముక్కతో హాలు నిలిచేది. నాన్నగారు ఆయనకి మజ్జిగ ఇప్పించమని నాతో చెప్పి, లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ తరవాత ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అది మొండితనమన్న బంధువులున్నారు.

ఇప్పుడు వరద హెచ్చరిక నా జేబులోని ఫోనుకే వస్తుంది. దాని పైన చీరల తగ్గింపు ధరలు, దాని కింద ఎవరిదో పుట్టినరోజు, అన్నీ అదే ఎరుపులో, అంతే లావుగా, అన్నీ మెరుస్తూ. ఎవరూ ఏదీ మరిచిపోకూడదని అన్నిటికీ రంగులు వేసుకున్నాం. ఒక్క మాట చూసి, ఇది మన కోసమేనని చీకట్లో లేచి నిలబడే మనుషుల్ని మళ్ళీ ఎక్కడ చూస్తాను? చీకటి కూడా అలాంటిది లేదు. అక్షరం వెలగాలంటే చుట్టూ అంత నలుపుండాలి, ఆ నలుపుని ఎవరో ఒకరు ఓపిగ్గా మసిపట్టి ఉంచాలి.

ఆ వరద వచ్చిన ఏడే, మాఘమాసంలో హాలు అమ్మేశాం. స్థలం, గోడలు, కుర్చీలు, మిషను, అన్నీ కలిపి ఒకే దస్తావేజు.